పుట్టుకల పట్టిక

ఆ అట్టపెట్టె మా ఇంటికి వచ్చింది 1984 ఏప్రిల్ ఆఖరున. నంద్యాలలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసిన ఒక దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ ఇంట్లో సామాన్లు తెలిసినవాళ్ళకు పంచింది. కొందరికి కుర్చీలు, కొందరికి పింగాణీ పళ్ళేలు దక్కాయి. మా సలోమి ఇంగ్లీషు పుస్తకాలు చదువుతుందని ఆమెకు తెలుసు కాబట్టి మాకు ఆ పెట్టె దక్కింది. అందులో రెండు పలుచని పుస్తకాలు, గుప్పెడు పాచికలు ఉన్నాయి. దొరసాని అన్న కొడుకు ఎప్పుడో సెలవులకు వచ్చి వదిలిపోయినవట.

సలోమి అప్పుడే ఇంటర్ పరీక్షలూ, డాక్టరు చదువుకు ఎంట్రన్సూ రాసి ఫలితాల కోసం చూస్తోంది. పదిహేడేళ్ళు. మాకు ఒక్కతే బిడ్డ. నేను మిషన్ బడిలో అయ్యవారిని. బడికి సెలవులు. మధ్యాహ్నాలు వసారాకు తడి గోనెపట్టాలు వేలాడగట్టి ఆ నీడలో కూర్చునేవాళ్ళం.

ఆ పుస్తకాల్లోది గళ్ళూ గవ్వలూ లేని ఆట. నలుగురు కూర్చుని మాటలతో ఆడతారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిగా మారి ఆ కథలో తిరుగుతారు. అనుకున్నది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. అయితే మొదలుపెట్టే ముందు, నువ్వు ఎవరి బిడ్డవో, ఎక్కడ పెరిగావో, ఏం పని నేర్చావో రాసుకోవాలి. పుస్తకాల్లో సగం పేజీలు దానికే పోయాయి. సలోమికి ఆటకంటే ఆ పేజీలే నచ్చాయి.

ఒక పొడుగు నోటుబుక్కులో నిలువు గీతలు గీసి పట్టిక తయారుచేసింది. మొదటి పుస్తకంలోది కత్తులు, కోటల లోకం. రెండో దానిలోది నక్షత్రాల మధ్య ఓడలు తిరిగే లోకం. ఏ లోకంలో ఎవరుగా పుట్టవచ్చు, ఆ పుట్టుక ఏమిస్తుంది, ఏం తీసుకుంటుంది అని వరుసలు.

"ఈ కోటల దాంట్లో ఎవరి బిడ్డయినా బలం ఒకటే నాయనా. దొర బిడ్డకూ, పారిపోయొచ్చిన బానిసకూ అవే పాచికలు. పుట్టుక వల్ల మొదట చేతిలో ఏముండాదో అదొక్కటే మారతాది. ఒకరికి గుర్రం, ఒకరికి సద్దిమూట."

"రెండో దాంట్లోనో?" అన్నాను.

"దాంట్లో పుట్టుక లెక్కే లేదు. ఏం పని చేసినావనేదే లెక్క. నాలుగేండ్లు కొలువు చేస్తే ఒక విద్య వస్తాది. ఇంకో నాలుగేండ్లు చేస్తే ఇంకోటి. కానీ ప్రతి నాలుగేండ్లకూ పాచిక వేయాల. తక్కువ పడితే సచ్చిపోతారు."

మా ఆవిడ మణెమ్మ ఆ రోజు ఓడ మీద డాక్టరుగా చేరింది. పాచిక వేసింది. మూడు పడింది.

"పోయినావ్ మ్మా," అంది సలోమి.

"ఎట్ల పోతానే? ఆట మొదులే కాలేదు గదే!"

"రూలు అంతే."

"ఏం రూలే ఇది, పురిట్లోనే సంపేది! నేను మళ్ళా పుడతా, ఇటియ్యి పాచిక." మణెమ్మ నవ్వడం మొదలుపెడితే ఆపుకోలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేను కూడా నవ్వాను.

నాలుగో మనిషి మల్లమ్మ. సలోమితో ఇంటర్ చదివిన చెంచుపిల్ల. అహోబిలం అవతల అడవిలో వాళ్ళ గూడెం. వేసవిలో హాస్టలు మూశారు, తీసుకుపోవడానికి వాళ్ళ నాయన ఇంకా రాలేదు, అందుకని మా ఇంట్లో ఉంది. పట్టికలో మూడో నిలువుగీత పుట్టడానికి కారణం ఆ పిల్లే.

"కోటలు, ఓడలు మనకెందుకే? మన నల్లమల ఆట ఒకటి చెయ్యరాదా?" అంది.

సలోమి వారం రోజులు కూర్చుని రాసింది. అహోబిలం పూజారి బిడ్డ, ఆళ్లగడ్డ శిల్పి బిడ్డ, బనగానపల్లె మామిడితోట కావలి బిడ్డ, అడవిలో చెంచు బిడ్డ. ఒక మధ్యాహ్నం అందరికీ చదివి వినిపించింది. చెంచు బిడ్డకు గురి తప్పని బాణం వస్తుందని రాసింది.

మల్లమ్మ విరగబడి నవ్వింది. "మా నాయన బాణం పట్టంగ నేనెప్పుడూ చూడల్యా. ఫారెస్టోళ్ళకు వెదుర్లు కొట్టే కూలికి పోతాడు. నువ్వేమే, గోడ మీద బొమ్మ చూసి రాసినట్లు రాసినావు!"

"మరేం రాయమంటావ్?"

"తేనె పట్టు యాడుండాదో ఎరికె అని రాయి. గార్డు వస్తాంటే ముందే ఎరికె అని రాయి."

సలోమి కొట్టేసి అలాగే రాసింది. తర్వాత పెన్సిలు నోట్లో పెట్టుకుని కొంతసేపు మూడు నిలువుగీతలనూ చూసింది.

"మొదటి లోకంలో పుట్టుక నీ చేతిలో ఏముండాదో చెప్తాది. రెండో దాంట్లో నీకేమి వచ్చో చెప్తాది. మన దాంట్లో మాత్రం నిన్ను యాడికి రానీరో చెప్తాది నాయనా. ఇంకో గీత గీయాల." గీసి, పైన 'ఎక్కడికి రానివ్వరు' అని రాసింది.

నేను ముప్పై ఏళ్ళలో చెప్పిన సాంఘికశాస్త్రంలో ఆ మాట ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు.

"మన మాదిరోళ్ళను రాయలేదే?" అంది మణెమ్మ.

"మనకేం రాయాల్నో తెలీల్యా మ్మా. మారినోళ్ళకు ఒక రూలు రాసినా. 'పుట్టుక మార్చుకోవచ్చు. ఒక్కసారే. పాతది మొత్తం పోతుంది. కొత్తది సగమే వస్తుంది.' సరేనా నాయనా?"

మా తాత మాలవాడలో పుట్టి బాప్తిస్మం తీసుకున్నవాడు. "సరే," అన్నాను. ఆ వరుసకు 'మా ఇల్లు' అని పేరు రాసి, ఎదురుగా ఖాళీ వదిలింది.

మే ఆఖరున ఫలితాలు వచ్చాయి. ఆ వార్త తీసుకువచ్చినవాడు నా బావమరిది అబ్రహాము. ఆళ్లగడ్డలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. గడప దాటుతూనే ఒకసారి నవ్వాడు, ఒకసారి తల కొట్టుకున్నాడు.

"మార్కులు బంగారం మాదిరి వచ్చినాయి బావా. ఎస్సీ లెక్కన అయితే సీటు ఇంట్లోకి నడిచొస్తాది. మీ వరసలో అయితే పదకొండు తక్కువ."

సర్కారు లెక్కలో మతం మారిన మాలమాదిగలు ఎస్సీలు కారు. వెనకబడిన కులాల్లో వాళ్ళకు వేరే వరుస. నూటికి ఒక సీటు. ఈ సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. అందుకే చాలామంది పిల్లలకు గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు పెడతారు. నాకు అది నచ్చేది కాదు. సలోమిని బడిలో చేర్చిన రోజు రిజిస్టరులో మతం అన్న చోట 'క్రైస్తవ' అని నేనే, నా చేత్తోనే రాశాను. ఆ రిజిస్టరులో నేను రాసిన మాట ఏదీ కొట్టేసింది లేదు. దానికి కొంత గర్వం కూడా ఉండేది.

"నన్ను చూడు," అన్నాడు అబ్రహాము, పాచికలు చేతిలో గలగలలాడిస్తూ. "ఆదివారం అబ్రహాము, సోమవారం నుంచి శనివారం దాకా గురవయ్య. జీతం గురవయ్యకు వస్తాది, ప్రార్థన అబ్రహాము చేస్తాడు. ఇద్దరికీ తగువు లేదు."

"ఆ రూలు మా ఆటలో లేదు మామా," అంది సలోమి.

"రాసుకో పాపా. ఈ జిల్లాలో సగం మంది ఆడేది అదే ఆట."

మల్లమ్మ మూల నుంచి అంది: "నాకేమో సర్టిఫికెట్టు ఉండాది, మార్కులు రాల్యా. నీ మార్కులు నాకియ్యే, నా పుట్టుక నువ్వు తీస్కో." అందరూ నవ్వారు. సలోమి నవ్వలేదు.

అబ్రహాము చెప్పిన ఉపాయం ఇది. సలోమి పుట్టింది ఆళ్లగడ్డలో, వాళ్ళ ఇంట్లోనే. అక్కడే పెరిగిన హిందువుల బిడ్డ అని ఎస్సీ సర్టిఫికెట్టుకు దరఖాస్తు ఇస్తాడు. విచారణకు రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్.ఐ. ఒకసారి ఇంటికి వచ్చి చూస్తాడు. బడి రికార్డు సంగతి తర్వాత తాను చూసుకుంటాడు.

"నేను అబద్ధం చెప్పను," అన్నాను.

"నిన్నెవరు చెప్పమన్నారు బావా? పక్కన కూచో. నోరు తెరవకుంటే చాలు. అది నీకు కష్టమా?"

రెండు రోజులు ఔననలేదు, కాదనలేదు. మణెమ్మ నాతో మాట్లాడటం మానేసి అన్నం గిన్నె ముందు పెట్టి వెళ్ళిపోయేది. మూడో రోజు ఎండలో నేను పూలకుండీలకు నీళ్ళు పోస్తుంటే సలోమి వచ్చి చెంబు తీసుకుంది. మిగిలిన కుండీలకు తనే పోసింది.

"నాయనా, నాకు డాక్టరు కావాలని ఉండాది," అంది.

అంతకుముందు తనకు ఏం కావాలో ఆ పిల్ల నాతో ఎప్పుడూ అనలేదు. "రేపు ఆళ్లగడ్డ పోదాం," అన్నాను.

అబ్రహాము ఇల్లు చిన్నది. మేము వెళ్ళేసరికి గోడ మీది సిలువ తీసేశారు. అది ఉన్న చోట సున్నం కాస్త తెల్లగా కనిపిస్తోంది. దాని మీద ఒక క్యాలెండరు తగిలించారు. కింద గూటిలో పీట, పీట మీద మూరెడు నరసింహస్వామి. నల్లరాయి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ళకు కొదవ లేదు. వీధి చివర కొండయ్య అనే శిల్పి షెడ్డు నుంచి తెచ్చాడట.

"ఆర్డరిచ్చినోళ్ళు రాలేదని మూల పడేసినాడు. వారం రోజులు ఇయ్యప్పా అంటే ఎందుకని కూడా అడగల్యా, ఇచ్చినాడు," అన్నాడు అబ్రహాము. అతని భార్య జీవమ్మ విగ్రహానికి పసుపు పూసి కుంకుమ పెడుతోంది. ఎంత పెట్టాలో తెలియక చాలా పెట్టింది. సలోమిని చీర కట్టించి బొట్టు పెట్టించడానికి పక్కింటికి పంపారు.

నేను గూటి ముందు నిలబడ్డాను. జూలు, కోరలు, చేతుల్లో శంఖం, చక్రం, అన్నీ చక్కగా చెక్కి ఉన్నాయి. కళ్ళ చోట మాత్రం నున్నటి రాయి.

ఐదేళ్ళ కిందట ఎనిమిదో తరగతి పిల్లలను ఆళ్లగడ్డ తీసుకువచ్చాను. ఆ తరగతిలో సలోమి కూడా ఉంది. విగ్రహాల షెడ్డు దగ్గర అమ్మవారి బొమ్మ ఒకటి చూసి, "దీనికి కండ్లు యావి?" అని అడిగింది. ఆ శిల్పి ఉలి ఆపి చెప్పాడు. "కండ్లు ఆఖరున పాపా. గుడిలో నిలబెట్టే నాడు తెరుస్తాం. అంతదాకా ఇది ఉత్త రాయి. దీనికి ఎవురూ దండం పెట్టరు." తిరిగి వచ్చాక ఆ మాట నేను పిల్లలందరి చేత రాయించాను. నలభై రెండు నోటుబుక్కులు ఎర్ర సిరాతో దిద్దాను.

అన్నీ గుర్తున్నాయి. ఆర్.ఐ. రావడానికి ఇంకా గంట టైము ఉంది. కొండయ్య షెడ్డు నూరు అడుగుల దూరం. అబ్రహాముతో చెబితే విగ్రహం తీసి వేంకటేశ్వరస్వామి పటం ఒకటి తెచ్చి పెట్టేవాడు.

నోరు తెరవకుంటే చాలు అన్నారు కదా అనుకున్నాను. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

ఆర్.ఐ. పదకొండు గంటలకు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచాడు. జీవమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. అబ్రహామును గురవయ్యా అని పిలిచి రెండు మూడు ప్రశ్నలు వేశాడు. సలోమిని పిలిపించారు. పక్కింటి నుంచి ఎర్రటి బొట్టుతో వచ్చింది. నేను ఆ పిల్లను బొట్టుతో చూడటం అదే మొదలు. వచ్చి గూటి వైపు చూసింది. చూసి, అక్కడి నుంచి కళ్ళు తిప్పి నా వైపు చూసింది.

"ఈ స్వామిని ఎన్నేళ్ళ నుంచి పూజ చేస్తాండారు?" అన్నాడు ఆర్.ఐ.

"మా తాతల కాడ్నుంచి సార్," అన్నాడు అబ్రహాము. "దినామూ దీపం పెట్టంది నీళ్ళు తాగం."

ఆర్.ఐ. లేచి దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. కాసేపు వంగే ఉన్నాడు.

"తాతల కాడ్నుంచి కండ్లు తెరవలేదా స్వామి?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన కోపగించుకోలేదు. తిరిగి వచ్చి ఫైలు మూసి దారం చుట్టాడు. "కండ్లు తెరవని బొమ్మకు ఎవురూ కుంకుమ పెట్టరప్పా. హిందూ ఇండ్లలో పసిబిడ్డను అడిగినా చెప్తాది." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు అయివారంట గదా. చదువుకున్నోళ్ళు. మీకన్నా తెలీదా?"

సలోమి నా వైపే చూస్తోంది.

"తెలియదు," అన్నాను.

ఆయన తలూపి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కేసు పెట్టలేదు. ఋజువు కాలేదని మాత్రం రాశాడని తర్వాత తెలిసింది.

"నాకేం ఎరుక బావా," అన్నాడు అబ్రహాము, గూటి ముందు చతికిలబడి. "మన దేవునికి బొమ్మే లేకపాయె. కండ్లుండాయా లేవా అని యాడ చూస్తాం!" జీవమ్మ ఏడుస్తూ నవ్వింది. మణెమ్మ గోడకు ఆనుకుని అలాగే నిలబడి ఉంది.

తిరుగు బస్సులో సలోమి కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక చీర కొంగు తడిపి బొట్టు తుడుచుకుంది. నుదుటి మీద ఎరుపు పూర్తిగా పోలేదు.

"నాయనా, నా ఎనిమిదో తరగతి నోటుబుక్కులు ఇంట్లో ఉండాయా?"

"చెదలు పట్టినాయి మ్మా."

అది నిజమే. కొంతదూరం పోయాక, "ఆకలైతాంది," అంది. నంద్యాల బస్టాండులో దిగి మణెమ్మ అరటిపళ్ళు కొన్నది. ముగ్గురం నిలబడి తిన్నాం.

జూన్ మొదటి వారంలో మల్లమ్మ నాయన వచ్చి ఆ పిల్లను తీసుకుపోయాడు. ఆట అక్కడితో ఆగింది. వసారా గోనెపట్టాలు తీసేశాం. ఆ ఏడాదే సలోమి పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో చేరింది. దానికి ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. శిక్షణ అయ్యాక అహోబిలం అవతలి గూడేలు తానే అడిగి వేయించుకుంది. నెలకొకసారి ఇంటికి వచ్చేది. నాతో బాగానే ఉండేది. పత్రిక చదివి వినిపించేది, కళ్ళజోడు తుడిచి ఇచ్చేది. ఒక్కసారి గట్టిగా అడిగినా నేను చెప్పి ఉండేవాణ్ణి. అడుగుతుందని ప్రతి నెలా ఎదురుచూశాను. అడగలేదు.

1988 వానల్లో గూడెంలో జ్వరాలు వచ్చాయి. అందరికీ మాత్రలు ఇచ్చింది. తర్వాత తనకే వచ్చింది. వాగు పొంగి దారి తెగిపోతే మూడో రోజు మంచం మీద అహోబిలం దాకా మోసుకువచ్చారు. జీపు అక్కడ సిద్ధంగానే ఉంది. దాని అవసరం లేకపోయింది.

నెల తర్వాత మల్లమ్మ సలోమి రేకుపెట్టె తెచ్చి ఇచ్చింది. వసారాలో కూర్చుని నీళ్ళు తాగింది. "మా గూడెమోళ్ళు ఇంకా తలుపు కాడికొచ్చి సలోమమ్మా అని పిలుస్తాండారు అయివారూ. మరిసిపోయి," అంది. లేచి వెళ్ళిపోయింది.

పెట్టెలో రెండు చీరలు, బైబిలు, స్టెతస్కోపు, పాచికలు, పొడుగు నోటుబుక్కు ఉన్నాయి. నోటుబుక్కులో పట్టిక పెరిగింది. నల్లమల లోకంలో కొత్త పుట్టుకలు చాలా చేర్చింది. గూడెంలో మంత్రసాని, ఫారెస్టు గార్డు పెళ్ళాం, గొర్రెలు కాసే ముసలాయన. అన్నింటికీ మూడు గళ్ళూ నిండి ఉన్నాయి. 'మా ఇల్లు' అన్న వరుస కూడా ఖాళీగా లేదు.

మణెమ్మకు చదవడం రాదు. ఎదురుగా కూర్చుని, "ఏం రాసిందప్పా? సదువు," అంది.

మొదటి నుంచి చదివాను. పూజారి బిడ్డ ఏమి తెచ్చుకుంటుందో, శిల్పి బిడ్డను ఎక్కడికి రానివ్వరో, చెంచు బిడ్డకు ఏం తెలుసో. తేనె పట్టు దగ్గర మణెమ్మ కొంచెం నవ్వింది. మంత్రసానిని రెండుసార్లు చదివించుకుంది. పేజీ తిప్పాను. ఆఖరి వరుస కళ్ళతోనే చదివాను.

మా ఇల్లు. ఇచ్చేది: అన్నీ తెలిసిన నాయన. తీసుకునేది: తెలిసినా చెప్పడు.

మూడో గడిలో, ఎక్కడికి రానివ్వరు అన్న చోట, ఒక చిన్న గీత మాత్రం ఉంది.

"అయిపోయిందా?" అంది మణెమ్మ.

"అయిపోయింది," అన్నాను. నోటుబుక్కు మూశాను.